కందం అనే మాట ఎక్కడిది?

"కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని పాత సామెత. అడవిపందికి ఎదురు నిలవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కందం లాంటి నాలుగు పొట్టి పాదాల పద్యంలో అంత కష్టం ఏముంటుంది? పద్యం రాయడం మొదలుపెట్టినవాళ్లకు అది త్వరగానే తెలిసొస్తుంది. ఉత్పలమాలకో చంపకమాలకో గణాల (లఘువులనే పొట్టి అక్షరాలు, గురువులనే పొడుగు అక్షరాలు కలిసిన ముక్కల) వరస ఒకసారి నోటికొస్తే, ఆ తర్వాత దాన్నే పట్టుకుని పోవచ్చు. కందానికి అలాంటి వరస లేదు, షరతులు ఉన్నాయి. రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే, బేసి గణం జగణం (లఘువు, గురువు, లఘువు) కాకూడదు. ఆరో గణం మాత్రం జగణమో నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి. రెండో పాదం చివర, నాలుగో పాదం చివర గురువు పడాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే మిగతా మూడూ లఘువుతోనే మొదలుకావాలి. "ఆరో గణానికే ఎందుకీ రూల్?" అని అడిగితే చాలా చోట్ల వచ్చే జవాబు "నియమం అంతే" అని.

నియమం అంతే కాదు. ఈ పద్యం తెలుగులోకి రాకముందు ఎలా ఉండేదో తెలిస్తే ఈ షరతుల్లో చాలావాటికి కారణం దొరుకుతుంది. అది తెలుసుకోవడానికి కందం అనే పేరే మంచి దారి.

ముందు ఒకటి రెండు పొరపాట్లు తొలగించుకోవాలి. తెలుగులో కంద అంటే దుంప కూడా. అది సంస్కృత కందం, అంటే భూమిలో ఊరే గడ్డ. వేడికో దెబ్బకో చర్మం కందిపోయింది అంటాం, అది వేరే మాట. కన్నడంలో కంద అంటే పసిబిడ్డ. కుమారస్వామికి స్కందుడని పేరు. వీటిలో దేనికీ పద్యం పేరుతో చుట్టరికం లేదు. స్కందుడి పేరులో ఉన్నది దకారం. మనకు కావలసిన మాటలో ఉన్నది ధకారం. ఆ ఒక్క ఒత్తుతో దారి మారిపోతుంది.

కందానికి మూలం స్కంధకం. స్కంధం అంటే భుజం, చెట్టు బోదె, ఇంకా సముదాయం, విభాగం. భాగవతానికి పన్నెండు స్కంధాలు అన్నప్పుడు ఉన్నది ఈ చివరి అర్థమే. ఈ మాట ప్రాకృతంలోకి వెళ్లేసరికి మొదట్లోని స్క అనే జంటాక్షరం ఖ అయింది. బౌద్ధులు చెప్పే పంచస్కంధాలను పాళీలో ఖంధాలు అంటారు. హిందీలో భుజాన్ని కంధా అంటారు, అదీ ఈ కుటుంబమే. స్కంధకం ప్రాకృతంలో నడుమ ఉన్న కకారం కూడా అరిగిపోయి ఖంధఅ అయింది. తెలుగు నోరు అరువు మాటల్లో ఒత్తులను నిలవనివ్వదు. ఖ కాస్తా క, ధ కాస్తా ద. చివర మన మువర్ణం చేరితే కందము.

ఇది ఊహ కాదనడానికి పక్కనే ఇంకో మాట సాక్ష్యం ఉంది. స్కంభం అంటే స్తంభం. ప్రాకృతంలో అది ఖంభం, తెలుగులో కంబం. స్కంభం కంబం అయిన దారినే స్కంధకం కందం అయింది. మాట తెలుగులోకి నేరుగా సంస్కృతం నుంచి వచ్చి ఉంటే మన పండితులు స్కంధకమనే రాసుకునేవారు, శార్దూలవిక్రీడితాన్ని అక్షరం పోకుండా ఉంచుకున్నట్టు. అరిగిన పేరుతో వచ్చిందంటే ప్రాకృతపు నోళ్ల మీదుగా వచ్చిందనే.

పాత అలంకారశాస్త్రం మాటా ఇదే. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి దండి తన కావ్యాదర్శంలో ఏ భాషకు ఏ రకం రచన చెల్లుతుందో చెబుతూ, సర్గబంధం (సర్గలుగా సాగే మహాకావ్యం) లాంటివి సంస్కృతానికీ స్కంధకం లాంటివి ప్రాకృతానికీ పంచిపెట్టాడు. అంటే అప్పటికే స్కంధకమంటే ప్రాకృత కవిత్వానికి గుర్తు. వాకాటక రాజు ప్రవరసేనుడు ఐదో శతాబ్దంలో మహారాష్ట్రీ ప్రాకృతంలో రాసిన సేతుబంధ కావ్యం చాలా మటుకు ఈ ఛందస్సులోనే సాగుతుంది. వాకాటకులు ఏలిన విదర్భ తెలుగు నేలకు పొరుగే.

తెలుగువైపు తొలి ఆనవాళ్లలో ముఖ్యమైనది కరీంనగర్ ప్రాంతపు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద ఉంది. పదో శతాబ్దం నడుమ, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు పద్యాలు మూడూ కందాలే. నన్నయకు ఇంచుమించు నూరేళ్ల ముందటి మాట ఇది. దానికీ ముందు, తొమ్మిదో శతాబ్దపు అద్దంకి శాసనంలో ఉన్నది తరువోజ, మన దేశి ఛందస్సు. కన్నడంలో కందం అంతకన్నా ముందే స్థిరపడింది. తొమ్మిదో శతాబ్దపు కవిరాజమార్గంలో ఎక్కువ భాగం కందాలే. కవిరాజమార్గం దండి కావ్యాదర్శాన్ని ఆధారం చేసుకున్న పుస్తకం కావడం ఇక్కడ చెప్పుకోదగ్గ సంగతి. ప్రాకృతానిదని దండి చెప్పిన ఛందస్సులోనే దండి మాటలు కన్నడమయ్యాయి.

ఇక పద్యం లోపలికి. స్కంధకానికి సంస్కృత ఛందశ్శాస్త్రంలో పేరు ఆర్యాగీతి. అది ఆర్య అనే ఛందస్సు కుటుంబంలోది. ఆర్యను అక్షరాలతో కాదు, మాత్రలతో కొలుస్తారు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల గణాలు ఐదే ఉంటాయి. రెండు గురువులైతే గగ. గురువు, రెండు లఘువులైతే భ. రెండు లఘువులు, గురువైతే స. రెండు లఘువుల నడుమ గురువుంటే జ. నాలుగూ లఘువులైతే నల. ఆర్యలో ఉండేవి రెండు పంక్తులే. మొదటి దాంట్లో 30 మాత్రలు, రెండో దాంట్లో 27. రెండూ 30 అయితే గీతి. రెండూ ముప్ఫై రెండేసి, అంటే ఎనిమిదేసి నిండు గణాలైతే ఆర్యాగీతి. హాలుడి పేరున ఉన్న ప్రాకృత పద్య సంకలనం గాథాసప్తశతిలో గాథ అన్నది ఆర్యకు ప్రాకృత రూపం. గాథ చివర తరుగు పెట్టి ఆపుతుంది, స్కంధకం చివరిదాకా నిండుగా నడుస్తుంది.

ఇప్పుడు తెలుగు కందాన్ని లెక్కపెట్టాలి. మొదటి పాదంలో మూడు గణాలు, రెండో పాదంలో ఐదు, మూడో పాదంలో మూడు, నాలుగో పాదంలో ఐదు. పాత లక్షణ పద్యం దీన్నే త్రిశర గణాలు అంటుంది. మన్మథుడి శరాలు ఐదు కాబట్టి శరమంటే ఐదు. మూడూ ఐదూ ఎనిమిది, రెండు సగాలు కలిపి 64 మాత్రలు. ఆర్యాగీతి లెక్క కూడా సరిగ్గా ఇదే. అంటే కందానికి నాలుగు పాదాలు కాగితం మీదే. దాని అసలు పాదాలు రెండు. అందరికీ నోటికొచ్చిన సుమతీ శతక పద్యాన్ని అలా రెండు వరసల్లో పెడితే ఇలా కనిపిస్తుంది:

అక్కర / కు రాని / చుట్టము / మ్రొక్కిన / వరమీ / ని వేల్పు / మోహర / మున దా
నెక్కిన / బారని / గుర్రము / గ్రక్కున / విడువం / గ వలయు / గదరా / సుమతీ

ఇలా చూడగానే ఆరో గణం లెక్క తేలిపోతుంది. నాలుగు పాదాల కళ్లతో చూస్తే "రెండో పాదంలో మూడో గణం" అనేది ఏదో మూల పెట్టిన అడ్డంకిలా ఉంటుంది. ఎనిమిది గణాల వరసలో అది ఆరోది. ఆర్యలో మొదటి నుంచీ ఆరో గణానిది ప్రత్యేక స్థానం. బేసి గణాల సంగతీ ఇంతే. రెండో పాదం మొదటి గణంగా జగణం రావచ్చు, ఎందుకంటే అది వరసలో నాలుగోది, సరి గణం. ఒకటో పాదం మొదట మాత్రం రాకూడదు. పాదాల వారీగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. వరసగా లెక్కపెట్టేవాళ్లకు ఆ టెన్షన్ లేదు.

జగణాన్ని బేసి చోట్ల ఎందుకు వద్దన్నారో చేత్తో తాళం వేస్తూ చదివితే తెలుస్తుంది. నాలుగు మాత్రల గణాలు జంటలుగా నడుస్తాయి. జంటలో మొదటిది అడుగు బలంగా వేసే చోటు. గగ, భ గణాలు గురువుతోనే మొదలవుతాయి. స, నలలు లఘువులతో మొదలైనా రెండేసి మాత్రలుగా చక్కగా విడిపోతాయి. జగణంలో గురువు రెండో మాత్ర మీద మొదలై మూడో మాత్ర దాకా సాగుతుంది, కాబట్టి గణం రెండు సమభాగాలుగా విడిపోదు, తాళానికి ఎదురు నడుస్తుంది. అందుకే బలమైన చోట దాన్ని రానివ్వలేదు, బలహీనమైన చోట ఉండనిచ్చారు, ఆరో చోట కావాలని పెట్టారు. ఐదు గణాలు సాఫీగా నడిచాక, పంక్తి ముగియబోయే ముందు ఒక చిన్న తడబాటు. ఆ తడబాటు లేకపోతే ఆర్య కుటుంబం మొత్తం చప్పిడి నడకే.

మరి నలానికి అక్కడ అనుమతి ఎందుకు? నాలుగు లఘువులు ఎదురు నడిచేవి కావు కదా. దీనికి సంస్కృత లాక్షణికులు ఇంకో షరతు పెట్టారు. ఆరో గణం నలమైతే మొదటి లఘువుతో ఒక మాట ముగియాలి, రెండో లఘువుతో కొత్త మాట మొదలుకావాలి. అలా చేస్తే నలం ఒకటి, మూడుగా విరుగుతుంది, ఊనిక రెండో అక్షరం మీద పడుతుంది. జగణంలోనూ బరువు ఉన్నది రెండో అక్షరం మీదే. అంటే చూడటానికి రెండు గణాలైనా చెవికి రెండూ ఒకే పని చేస్తాయి.

తెలుగు లక్షణంలో ఈ విరుపు షరతు లేదు. జగణమో నలమో ఉంటే చాలు. తమాషా ఏమిటంటే, తెలుగు చెవి మాత్రం దాన్ని మరిచిపోలేదు. పై పద్యంలో ఆరో గణం నలం అయిన చోటు "విడువంగ వలయు". గణం "గ వలయు". గ దగ్గర మాట ముగిసింది, వలయు అని కొత్త మాట మొదలైంది. సంస్కృత షరతు అక్షరాలా నెరవేరింది. జగణం ఉన్న పంక్తిలోనూ అంతే, "వరమీని వేల్పు" అనే మాటల్లో విరుపు ని దగ్గరే. "తనకు రక్ష", "బంధువులు వత్తురు", "పదివేలు చేరు", "నా తోడు నీడ", "పతియు గతియు", ఇలా నోట ఆడే శతక పద్యాల్లో ఆరో గణం ఉన్న చోట్లన్నీ చదువుకుంటూ పోతే, మొదటి లఘువు దగ్గర మాట తెగడం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ప్రతి కందంలోనూ ఇలాగే ఉండాలని లేదు. ఎవరూ చెప్పకపోయినా ఇంతగా కనిపించడమే విశేషం. పుస్తకంలో లేని నియమం చెవి నుంచి చెవికి వచ్చిందనుకోవాలి.

వచ్చినవాటి సంగతి ఇది. తెలుగు నేల మీద చేరినవి వేరే. ప్రాస మనది, కన్నడానిది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి. ప్రాసకు ముందున్న అక్షరం ఒక చోట గురువైతే అన్ని చోట్లా గురువే కావాలన్నది ప్రాసకు సహజమైన కట్టు. కాబట్టి "మొదటి పాదం లఘువుతో మొదలైతే అన్నీ లఘువుతోనే" అన్నది అసలు కందం నియమం కాదు, ప్రాస నియమమే ఆ రూపంలో కనిపిస్తోంది. అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు, అన్నీ గురువులే. "తన కోపమె తన శత్రువు" అనే పద్యంలో నాలుగు పాదాలూ త అనే లఘువుతో మొదలవుతాయి.

యతి పూర్తిగా తెలుగుది. సంస్కృతంలో యతి అంటే ఆగడం, పదం విరగడం. మనకు యతి అంటే అక్షరాల మైత్రి, పాదం మొదటి అక్షరానికి జతపడే శబ్దం పాదం నడుమ మళ్లీ రావడం. కన్నడ కందంలో ఇది ఉండదు. మన కందంలో యతిని రెండు, నాలుగు పాదాల్లో నాలుగో గణం మొదట పెట్టారు. మ్రొక్కికి మోహరం, గ్రక్కునకు గదరా. ఎనిమిది గణాల వరసలో అది ఏడోది, తడబాటు ఉన్న ఆరో గణం అయిపోయిన మరుక్షణం. నడక కాస్త ఊగిన చోట పాదం మొదటి శబ్దం మళ్లీ వినిపించి పద్యాన్ని నిలబెడుతుంది. ఆ చోటు ఎంచుకున్నవాళ్లకు మంచి చెవి ఉంది.

యతి అర్థం మారడంతో ఇంకోటి కూడా జరిగింది. ఆర్యలో సగం అయిపోయాక తప్పనిసరిగా ఆగాలి, అక్కడ మాటను చీల్చడం కుదరదు. తెలుగులో "మోహరమున దా" అని రెండో పాదం అయిపోతే "నెక్కిన" అని మూడో పాదం మొదలవుతుంది. తాను ఎక్కిన అనే మాటలు సంధిలో కలిసిపోయి సరిగ్గా నడుమ తెగాయి. ప్రాకృత కవికి ఇది తప్పు, తెలుగు కవికి మామూలు. మన పద్యంలో పాదం అయిపోయిందని చెప్పడానికి ఆగనక్కర్లేదు, ప్రాస ఆ పని చేసేస్తుంది. దీనివల్ల కందం బిగుతుగా ఉంటూనే మాట్లాడినట్టు సాగే గుణం తెచ్చుకుంది. కావ్యాల్లో సంభాషణలకు, కథ ముందుకు నడపడానికి కవులు కందం వైపు చేయి చాచడానికి ఇదీ ఒక కారణం అయి ఉండాలి.

మన ఛందోగ్రంథాలు కందాన్ని జాతులు అనే పద్యాల తరగతిలో చేర్చాయి. ద్విపద, తరువోజ, అక్కరల పక్కన దానికి చోటిచ్చాయి. అవన్నీ సూర్య, ఇంద్ర, చంద్ర గణాలతో నడిచే దేశి పద్యాలు. కందానికి ఆ గణాలతో పనే లేదు. సంస్కృతంలో మాత్రా ఛందస్సులకు జాతి అని పేరు, కందం ఆ ముద్రతోనే వచ్చింది. తెలుగులో ఆ మాట దేశి పద్యాలకు అలవాటైంది కాబట్టి కందం కూడా ఇక్కడే పుట్టినట్టు కలిసిపోయింది.

చివరి గురువు సంగతి చూస్తే ఒక సరదా లెక్క తేలుతుంది. ఎనిమిదో గణం గురువుతో ముగియాలి, నాలుగే మాత్రలు ఉండాలి. సరి గణమైనా జగణం అక్కడ కుదరదు, దాని చివర లఘువు కాబట్టి. మిగిలేవి రెండే, సగణం, గగ. కంద శతకాల మకుటాలు చూడండి. సుమతీ అంటే సగణం. కృష్ణా అంటే గగ. ఐదు మాత్రల కుమారా ఎలా పట్టిందంటారా? "దుర్వి కుమారా" అన్న చోట "దుర్వి కు" ఏడో గణం, "మారా" ఎనిమిదోది. మకుటం రెండు గణాల్లోకి జరిగి కూర్చుంది. శతకకారుడు ఎవరిని పిలవాలన్నా ముందు ఆ పిలుపు ఎనిమిదో గణంలో పడుతుందో లేదో చూసుకోవాలి.

ఇన్ని షరతుల మధ్యా కందంలో స్పీడ్ మార్చుకోవడానికి బోలెడు చోటుంది. ఆరో గణంలో జగణం పెట్టి మిగతావన్నీ గగలు వేస్తే పద్యమంతా 34 అక్షరాలే, భారంగా నడుస్తుంది. చివరి గురువులు రెండూ తప్ప అన్నీ లఘువులైతే 62 అక్షరాలు. గజేంద్రుడి మొర విని విష్ణువు చెప్పాపెట్టకుండా పరుగెత్తినప్పుడు, వెనక పడిన లక్ష్మి తడబాటును చెప్పడానికి పోతన ఈ రెండో కొసనే పట్టుకున్నాడు:

అడిగెద నని కడువడి జను
నడిగిన దన మగుడ నుడువ డని నడ యుడుగున్
వెడవెడ జిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

అడుగుదామని గబగబా వెళ్తుంది, అడిగినా జవాబు చెప్పడని ఆగిపోతుంది, అడుగు వేస్తుంది, వెయ్యదు. లఘువుల గలగలలో అడుగుల చప్పుడు వినిపిస్తుందని అందరూ మెచ్చుకునే పద్యం. నాలుగో పాదాన్ని గణాలుగా విడదీస్తే ఇంకోటి కనిపిస్తుంది: నడుగిడు / నడుగిడ / దు జడిమ / నడుగిడు / నెడలన్. వరసలో ఆరోది "దు జడిమ", నలం. పాత ప్రాకృతపు విరుపు పడేది దాని మొదటి లఘువు తర్వాత. ఆ లఘువు "అడుగిడదు" అనే మాటకు చివరి అక్షరం. అమ్మవారు అడుగు వెయ్యకుండా ఆగిన చోటే పద్యమూ ఒక్క క్షణం ఆగుతుంది.